థర్మాకోల్ మీద రెండు టన్నులు: బాయిలర్ షెడ్డు నేల ఎలా వేసుకోవాలి

"అల్లుడూ, థర్మాకోల్ మీద రెండు టన్నులు పెడతావా? కాస్త ఆలోచించే చేస్తున్నావా?" అన్నారు మా మామగారు వీడియో కాల్‌లో. ఇరిగేషన్ శాఖలో ఏఈగా చేసి రిటైరైన మనిషి, కాంక్రీటుతోనే జీవితం గడిచింది. పెరట్లో పేర్చిన నురుగు బల్లలు ఫోన్లో చూపించగానే ఆయన మొహంలో మొదలైన టెన్షన్ ఇక్కడికి కనిపించింది.

ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. మనకు థర్మాకోల్ అంటే టీవీ డబ్బాలో వచ్చే తెల్ల ముక్క, పిల్లల స్కూలు ప్రాజెక్టుకు బ్లేడుతో కోసే బల్ల. వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. కానీ అదే సరుకులో గట్టి రకాలను నార్వేలో 1972 నుంచి రోడ్డు కట్టల్లో మట్టికి బదులు వాడుతున్నారు, వాటి మీద లారీలు తిరుగుతున్నాయి. కోల్డ్ స్టోరేజీల నేల కింద కూడా ఇలాంటి బల్లలే పరిచి మీద కాంక్రీటు పోస్తారు. ఆ మాట చెప్తే మామగారు కొంచెం మెత్తబడ్డారు. పూర్తిగా ఒప్పుకున్నది మాత్రం లెక్క చూపించాకే. ఆ లెక్కే ఈ పని మొత్తానికి ప్రాణం కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

మేం ఉండేది ఉత్తర ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో, గ్యాస్ పైపు రాని పల్లెలో. ఇంటి వెనక 4 మీటర్లు పొడవు, 3 మీటర్లు వెడల్పు ఉన్న పాత రాతి గదిలో కట్టెల బాయిలర్, దాని పక్కన 1500 లీటర్ల వేడినీళ్ళ ట్యాంకు పెట్టాం. రోజుకోసారి కట్టెలు గట్టిగా మండించి ఆ వేడిని ట్యాంకు నీళ్ళలో దాచుకుంటే, ఇల్లు మిగతా రోజంతా దాన్ని కొంచెం కొంచెంగా వాడుకుంటుంది. మీరు పెట్టేది పెల్లెట్ బాయిలర్ (చెక్కపొట్టు గుళికలు మండించేది) అయినా, కుండలు కాల్చే బట్టీ అయినా, ఇటుకల ఓవెన్ అయినా నేల పని చాలావరకు ఇదే. ఎక్కడ తేడా వస్తుందో అక్కడ చెప్తాను.

బరువు లెక్క, నీళ్ళతో సహా

బ్రోచర్లో రాసేది ఖాళీ బరువు. చాలామంది అక్కడే పొరపడతారు. మా ట్యాంకు ఖాళీగా 200 కిలోలు. 1500 లీటర్ల నీళ్ళు పడితే 1700 కిలోలు. బాయిలర్ ఖాళీగా 560 కిలోలు, దాని జాకెట్లో నీళ్ళు 110 లీటర్లు, ఒక విడత కట్టెలు 30 కిలోలు, అంతా కలిపి 700. మొత్తం 2.4 టన్నులు. పొగగొట్టం గోడకు బిగించకుండా బాయిలర్ మీదే నిలబడేలా ఉంటే దాని బరువు కూడా కలపండి.

తర్వాత అసలు ప్రశ్న: ఈ బరువు నేలను ఎక్కడ తాకుతోంది? 12 చదరపు మీటర్ల గదికి 2.4 టన్నులంటే చదరపు మీటరుకు 200 కిలోలేగా అనుకుంటే మోసపోతారు. మా ట్యాంకుకు మూడు కాళ్ళు. ఒక్కో కాలి కింద పాదం 10 సెం.మీ. చదరం. అంటే 567 కిలోలు అరచేతి కన్నా కాస్త పెద్ద జాగాలో దిగుతున్నాయి. చదరపు మీటరు లెక్కలోకి మారిస్తే 56 టన్నుల పైమాట. నేరుగా పెడితే ఏ నురుగు బల్లైనా నలిగిపోతుంది. ఆ రకంగా చూస్తే మామగారి భయం న్యాయమైనదే.

కానీ కాలు నిలిచేది బల్ల మీద కాదు, కాంక్రీటు మీద. కాంక్రీటులో బరువు కిందికి దిగేకొద్దీ వెడల్పవుతుంది. కళ్ళంలో ధాన్యం రాశి పైన మొనగా, కింద విశాలంగా ఉంటుంది చూడండి, అలా. 45 డిగ్రీల వాలులో విచ్చుకుంటుందని లెక్క వేసుకుంటే చాలు. 10 సెం.మీ. పాదం కింద 15 సెం.మీ. మందం స్లాబు ఉంటే, స్లాబు అడుగున ఆ బరువు 40 సెం.మీ. చదరంలో పరుచుకుంటుంది. 567 కిలోలను 0.16 చదరపు మీటరుతో భాగిస్తే 3.5 టన్నులు. స్లాబు సొంత బరువు చదరపు మీటరుకు 0.36 టన్ను కలిపితే 3.9. ఎక్కడి 56, ఎక్కడి 3.9!

స్లాబు మందం 10 సెం.మీ.కి తగ్గిస్తే అదే లెక్క 6.5కి పోతుంది. మాకు మొదట కొటేషన్ ఇచ్చిన బిల్డరు ఒకాయన ఇల్లంతటికీ చేసినట్టే "నురుగు బల్ల వేసి, పైన 75 మి.మీ. సిమెంటు స్క్రీడ్ లాగించేస్తాను" అన్నాడు. స్క్రీడ్ అంటే సిమెంటు, ఇసుక కలిపి వేసే పైపొర. ఆ మందానికి 9 టన్నులు దాటుతుంది. సోఫాలు, మంచాలు ఉండే గదికైతే ఆ పద్ధతి బాగానే ఉంటుంది. బాయిలర్ గదికి పనికిరాదు. స్క్రీడ్ ముందు పగుళ్ళిస్తుంది, తర్వాత కాలు దిగబడుతుంది, ఒరిగిన ట్యాంకుకు బిగించిన పైపుల జాయింట్లు కారడం మొదలుపెడతాయి. నురుగు మీద భారీ సామాను పెట్టేటప్పుడు మనల్ని కాపాడేది స్లాబు మందం. డబ్బు మిగుల్చుకోవాలంటే ఇంకెక్కడైనా మిగుల్చుకోండి.

ఇదే లెక్క మీ సామానుకు వేసుకోండి. జవాబు చదరపు మీటరుకు 7 టన్నులు దాటుతుంటే, లేదా కింద ఉన్నది మెత్తటి బంకమట్టో, పోసిన మట్టో అయితే సొంత తెలివి ఆపి స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి.

ఏ బల్ల కొనాలి

బ్రిటన్‌లో థర్మాకోల్ బల్లను ఈపీఎస్ అంటారు, పక్కన ఒక అంకె ఉంటుంది: 70, 100, 150, 200. ఆ అంకె కిలోపాస్కళ్ళలో బలం. 10 కిలోపాస్కళ్ళంటే చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను. అలాగైతే ఈపీఎస్ 70 కూడా 7 టన్నులు మోస్తుంది కదా అనిపిస్తుంది. అక్కడ ఒక మెలిక ఉంది. ఆ అంకె బల్ల తన మందంలో పదో వంతు నలిగినప్పటి బలం. 100 మి.మీ. బల్ల 10 మి.మీ. దిగిపోతే మన ట్యాంకు గతేమిటి?

మనం చూడాల్సింది నూటికి ఒక వంతు నలిగే చోట ఉండే బలం. అది ఈపీఎస్ 70కి చదరపు మీటరుకు సుమారు 2 టన్నులు, 100కి 4.5, 150కి 7, 200కి 9. మాకు కావలసింది 3.9 కాబట్టి ఈపీఎస్ 100 కాగితం మీద పాసవుతుంది, బొటాబొటీగా. నేను 200 తీసుకున్నాను. 12 చదరపు మీటర్లకు ధరలో పెద్ద తేడా రాదు, నిద్ర బాగా పడుతుంది. ఎక్స్‌పీఎస్ అని రంగురంగుల్లో వచ్చే గట్టి నురుగు బల్ల ఇంకా మేలైనది. దాని 300 రకం దీర్ఘకాలపు బరువుకు సుమారు 13 టన్నుల దాకా తట్టుకుంటుంది, నీళ్ళు కూడా దాదాపు పీల్చదు. ధర ఎక్కువ.

రేకు అతికించిన పసుపు పచ్చ పీఐఆర్ బల్ల వేడి ఆపడంలో వీటన్నిటికన్నా ముందుంటుంది. 100 మి.మీ. పీఐఆర్ చేసే పనికి ఈపీఎస్ 150 మి.మీ. కావాలి. తవ్వే లోతు తక్కువ ఉన్నవాళ్ళకు అది అక్కరకొస్తుంది. కానీ దాని బలం మామూలుగా 120 నుంచి 150 కిలోపాస్కళ్ళు, అదీ పదో వంతు నలిగే లెక్కలో. పైగా తడి తగలకూడదు, తడి కాంక్రీటు దాని రేకును తినేస్తుంది. ఇంటి గదులకు నా ఓటు దానికే, ట్యాంకు కింద మాత్రం కాదు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు: మీ దగ్గర బల్లల మీద పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉంటుంది. 15 పీఎస్ఐ అంటే 103 కిలోపాస్కళ్ళు, 25 అంటే 172, 40 అంటే 276. అక్కడ కూడా ఆ అంకె పదో వంతు నలిగినప్పటిదే. 25కి తగ్గకండి. నీళ్ళ బరువు గ్యాలనుకు 8.34 పౌండ్లు. చెదలు ఉండే రాష్ట్రాల్లో అవి నురుగులోంచి దారి చేసుకుని గోడల్లోకి వస్తాయి, ఆ మాట ముందే కాంట్రాక్టరుతో మాట్లాడుకోండి.

కుండల బట్టీ, ఇటుకల ఓవెన్ పెట్టేవాళ్ళు ఇక్కడ ఆగాలి. ఈపీఎస్, ఎక్స్‌పీఎస్ నురుగులు 75, 80 డిగ్రీలకే మెత్తబడతాయి. బాయిలర్ అడుగు అంత వేడెక్కదు, ఓవెన్ అడుగు ఎక్కుతుంది. మీకు గాజు నురుగు బల్లలు సరిపోతాయి. అది నిజంగా గాజే, నురగలా పొంగించి చేస్తారు. మండదు, నీళ్ళు పీల్చదు, చాలా రకాలు 400 కిలోపాస్కళ్ళు దాటి మోస్తాయి. లేకపోతే మామూలు స్లాబు వేసుకుని, ఓవెన్‌ను దాని మీద ఇటుకల దిమ్మె కట్టి ఎత్తులో పెట్టి, వేడి ఆపే బోర్డు ఓవెన్‌కూ దిమ్మెకూ మధ్య వేయండి.

ఎత్తు కొలవండి, ట్యాంకు లేపే ఎత్తు కూడా

పాత స్లాబు గట్టిగా ఉంటే తవ్వే పని లేకుండా దాని మీదే బల్లలు పరిచి కొత్త స్లాబు పోయొచ్చు. నేల 250 మి.మీ. పైకి లేస్తుంది, అంతే. నేనూ అదే అనుకుని బల్లలకు ఆర్డరు కూడా పెట్టేశాను. రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చింది, ట్యాంకును గదిలోకి పడుకోబెట్టి తెచ్చి లోపల నిలబెట్టాలి కదా అని. ట్యాంకు ఎత్తు 2.1 మీటర్లు, వెడల్పు 1 మీటరు. నిలబెట్టేటప్పుడు దాని మూల నుంచి మూలకు ఉండే కొలత పైకప్పుకు తగలకూడదు. అది 2.33 మీటర్లు. మా గది కప్పు 2.5 మీటర్లు, నేల లేపితే మిగిలేది 2.25. టార్చిలైటు వేసుకుని వెళ్ళి మళ్ళీ కొలిచాను. మారలేదు. తవ్వక తప్పలేదు.

మీకు ఎత్తు సరిపోతే అదృష్టవంతులు. పాత స్లాబును సుత్తితో తట్టి చూడండి. డొల్లగా మోగే చోట కింద ఖాళీ ఉన్నట్టు, అక్కడ పగలగొట్టి నింపాలి. గడప దగ్గర ఎత్తు పెరుగుతుంది, తలుపు కొయ్యాలి, అదీ చూసుకోండి. చెక్క నేల ఉన్న షెడ్డు అయితే ఆ దూలాల మీద ఇంత బరువు పెట్టే ఆలోచనే వద్దు. సామాను నిలిచే మేర చెక్క కోసేసి, నేల మీంచి విడిగా స్లాబు లేపండి.

తవ్వడం

పాత రాతి గోడలకు పునాది ఎంత లోతు ఉందో గడ్డపార దిగేదాకా తెలియదు. ముందు ఒక మూలన చిన్న గొయ్యి తీసి చూడండి. మా గోడ కింద పెద్ద రాళ్ళు 400 మి.మీ. లోతున ఆగిపోయాయి. పునాది అడుగు కన్నా కిందికి తవ్వడం ప్రాణాంతకం, గోడ లోపలికి జారుతుంది. అందుకని మా పొరలు ఇలా కుదించాం: కంకర 100 మి.మీ., ఇసుక 30, బల్లలు 100, స్లాబు 150, మొత్తం 380. లోతు దొరికితే కంకర 150 వేసేవాళ్ళం. మీ పునాది ఇంకా పైనే ఆగిపోతే గది మొత్తం ఒకేసారి తవ్వకుండా ముక్కలు ముక్కలుగా చేయాల్సి వస్తుంది. అది ఇంజనీరు చెప్పినట్టే చేయాలి.

పక్క పొలం రైతు దగ్గర మినీ డిగ్గర్ ఉంది కానీ అది మా తలుపులో పట్టలేదు. పారా, తోపుడు బండితో నేనూ మా ఆవిడా మూడు వారాంతాలు తవ్వాం. ఎనిమిది ఘనగజాల స్కిప్ (చెత్త వేసే పెద్ద ఇనప తొట్టె) ఒకటి నిండిపోయింది. పాత స్లాబు పగిలిన ముక్కలు మాత్రం పారేయలేదు. 75 మి.మీ. కన్నా చిన్నగా కొట్టి, మట్టీ చెక్కా ఏరేసి అడుగున వేశాం.

కంకర, ఇసుక, పట్టా

కంకర రాళ్ళ పొడితో కలిసినది తీసుకోండి, ఇక్కడ టైప్ 1 అంటారు. ఉత్త రాళ్ళయితే మధ్యలో ఖాళీలు ఉండిపోతాయి. 100 మి.మీ.నైనా రెండు విడతలుగా వేసి, అద్దెకు దొరికే వైబ్రేటర్ ప్లేటుతో నాలుగైదు సార్లు తొక్కించండి. మనవైపు దిమ్మిసతో కొట్టినట్టే. మడమతో గట్టిగా తొక్కితే గుర్తు పడకూడదు.

దాని మీద 30 మి.మీ. ఇసుక. రెండు పనులకు ఇది. ఒకటి, కంకర మొనలు పైన వేసే ప్లాస్టిక్ పట్టాను చింపకుండా. రెండోది ముఖ్యం, బల్లలు ఒక్కటి కూడా కుంటకుండా కూర్చోడానికి. పొడవాటి నిటారు చెక్క తీసుకుని, రసమట్టం పెట్టి ఇసుకను ఓపికగా సాపు చేయండి. ఇక్కడ గంట పట్టే పనికి నేను ఒక పూట కేటాయించాను, అది వృథా అనిపించలేదు. బల్ల కింద 5 మి.మీ. ఖాళీ ఉన్నా ట్యాంకు నిండిన రోజు స్లాబు అక్కడ వంగడానికి చూస్తుంది.

ఇసుక మీద చెమ్మ ఆపే ప్లాస్టిక్ పట్టా, 1200 గేజ్ అంటే 300 మైక్రాన్ల మందం. గోడల మీదికి స్లాబు పైమట్టం దాకా లేపండి, మూలల్లో కోయకుండా మడత పెట్టండి. రెండు పట్టాలు కలిసే చోట 150 మి.మీ. ఒకదాని మీద ఒకటి ఎక్కించి రెండు వైపులా అంటుకునే టేపు వేయండి.

పైపుల దారులు కూడా ఇప్పుడే పెట్టాలి. ఇంటికి పోయే వేడినీళ్ళ జంట పైపు, చల్లనీళ్ళ పైపు, కరెంటు కేబుల్, సేఫ్టీ వాల్వు నీళ్ళు పోవడానికి డ్రైను. వేడినీళ్ళ పైపు దాని ఇన్సులేషన్‌తో కలిపి బాగా లావు, చటుక్కున మలుపు తిరగదు. ఎంత వంపు కావాలో కంపెనీ కాగితంలో చూసి అంత పెద్ద గొట్టం ముందే పాతిపెట్టండి. పట్టాను చీల్చుకు వచ్చే ప్రతి గొట్టం చుట్టూ టేపుతో బిగించండి. ఇంకో ఖాళీ గొట్టం ఎందుకైనా మంచిదని వేసుకోండి. మేం వేసినదాంట్లోంచి ఏడాది తిరక్కుండానే కెమెరా వైరు పోయింది.

బల్లలు పరవడం

100 మి.మీ. ఒకే బల్ల కన్నా 50 మి.మీ.వి రెండు వరసలు మేలు. కింది వరస అతుకుల మీద పై వరస అతుకులు పడకుండా, ఇటుకలు పేర్చినట్టు పరవండి. సన్నపళ్ళ రంపం చాలు కోయడానికి. గోడ పొడవునా 25 మి.మీ. మందం పట్టీలను స్లాబు ఎత్తు దాకా నిలబెట్టండి. వేడి పక్కనుంచి గోడలోకి పాకకుండా, స్లాబు గోడకు అంటుకోకుండా ఇవి కాపాడతాయి. గోడల చుట్టూ వదిలేసి నేలకు మాత్రం వేస్తే దుప్పటి కప్పుకుని కాళ్ళు బయటపెట్టినట్టే.

సామాను కాళ్ళ కింద మాత్రం బల్ల వద్దు, అక్కడ కాంక్రీటు దిమ్మె నేరుగా భూమి మీదికి దించుదాం అని కొందరంటారు. తప్పని అనను, కానీ నాకు నచ్చదు. ఒకే స్లాబులో కొంత గట్టి నేల మీద, కొంత నురుగు మీద ఉంటే రెండూ ఒకేలా దిగవు, సరిహద్దులో పగులు వస్తుంది. పైగా వేడి ఎక్కువగా ఉండే చోటే ఇన్సులేషన్ లేకుండా పోతుంది.

పరిచాక అతుకులన్నీ టేపు వేసి, మీద పల్చటి 500 గేజ్ ప్లాస్టిక్ షీటు కప్పండి. టేపు వేయకపోతే తడి కాంక్రీటు అతుకుల్లోంచి కిందికి దూరి బల్లను పైకి తేలుస్తుంది. అది జరిగితే ఆ బల్లను మళ్ళీ కింద కూర్చోబెట్టడం నరకం.

మెష్, కాంక్రీటు

కాలు నొక్కే చోట స్లాబు కిందికి వంగి, అడుగు భాగం సాగుతుంది. కాబట్టి ఇనప మెష్ కింది భాగంలో ఉండాలి, అడుగు నుంచి 50 మి.మీ. పైన. ఎ193 రకం తీసుకున్నాం, 7 మి.మీ. కడ్డీలు 200 మి.మీ. దూరంలో ఉంటాయి. "కింద ఒకటి, పైన ఒకటి వెయ్యి, పైది ఆరేటప్పుడు వచ్చే పగుళ్ళకు" అన్నారు మామగారు. అప్పటికి ఆయనకు పనిలో ఉత్సాహం వచ్చేసింది. రెండూ వేశాం. షీట్లు 400 మి.మీ. ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి. మెష్‌ను ఎత్తులో నిలిపే కవర్ బ్లాకులు వెడల్పు అడుగు ఉన్నవి కొనండి. సన్నకాళ్ళవి మీరు మెష్ మీద నడవగానే నురుగులోకి దిగిపోతాయి, మెష్ అడుగుకు చేరి ఎందుకూ పనికిరాకుండా పోతుంది.

12 చదరపు మీటర్లకు 150 మి.మీ. అంటే 1.8 ఘనమీటర్లు. 2 చెప్పండి, తక్కువ పడితే కష్టం. అక్కడికక్కడే కలిపిచ్చే లారీ వస్తే వాడినంతకే డబ్బు. సి25/30 మిక్స్ అడగండి. రెండో అంకె క్యూబు బలం (ఘనం ఆకారపు నమూనాను నలిపి చూసేది), అంటే మన ఎం30. ఆ 1.8 ఘనమీటర్లు 4.3 టన్నులు తూగుతుంది. "నీ సామాను కన్నా స్లాబే బరువుగా ఉందిగా" అని మామగారు నవ్వారు. నిజమే, కానీ అది సమంగా పరుచుకునే బరువు.

తోపుడు బండ్లతో ముప్ఫై నలభై ట్రిప్పులు పడుతుంది. ముగ్గురు మనుషులు ఉండాలి. బండి నడిచే దారిలో ప్లైవుడ్ ముక్కలు వేయండి. దూరపు మూల నుంచి మొదలుపెట్టి తలుపు వైపు రండి, మధ్యలో ఆపకండి. వైబ్రేటర్ సూది వాడితే నురుగులోకి గుచ్చకండి. నీళ్ళు ఎక్కువ పోయించుకుంటే పని సుళువవుతుంది, బలం పోతుంది. లారీ డ్రైవరు అడుగుతాడు, వద్దనండి. సామాను నిలిచే చోట నేల పక్కా మట్టంగా ఉండాలి. డ్రైను వైపు వాలు కావాలంటే మిగతా భాగంలో ఇచ్చుకోండి.

చలి దేశాల్లో రోజు ఎంచుకోవడం కూడా పనే. 5 డిగ్రీలకు దిగుతూ ఉంటే పోయకండి. మనవైపు స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలబెడతాం. ఇక్కడ ఆ అవసరం లేదు, తడి ఆరకుండా ప్లాస్టిక్ షీటు కప్పి వారం ఉంచితే చాలు, రాత్రి మంచు పడేలా ఉంటే దాని మీద పాత దుప్పట్లు. వారం తర్వాత ఖాళీ సామాను లోపలికి తేవచ్చు. బరువులు లాగే చేతి బండి, అదే పాలెట్ ట్రక్కు, దాని చిన్న చక్రాల కింద కూడా ప్లైవుడ్ ఉండాలి, పచ్చి కాంక్రీటు మీద గీతలు పడతాయి. ట్యాంకులో నీళ్ళు నింపడానికి మాత్రం 28 రోజులు ఆగండి.

సామాను నిలబెట్టడం

కాళ్ళ కింద 20 సెం.మీ. చదరం, 10 మి.మీ. మందం ఉన్న ఇనప పలకలు పెట్టండి. పాత లెక్కలో 3.5 టన్నులు వచ్చింది చూశారా, ఈ పలకతో అది 2.3కి తగ్గుతుంది. చవకలో ఇంత లాభం ఇంకెక్కడా లేదు. కాళ్ళు స్లాబు అంచుకు 300 మి.మీ. కన్నా దగ్గరగా రాకుండా చూడండి, అంచు దగ్గర బరువు ఒక వైపుకే పరుచుకుంటుంది.

ట్యాంకు అడుగుకూ స్లాబుకూ మధ్య ఖాళీని గట్టి రాతి ఉన్ని పలకలతో నింపండి. నిజం చెప్పాలంటే నేల కింద వేసిన బల్లకన్నా ఇది ఎక్కువ వేడి ఆపుతుంది, చాలామంది దీన్ని మర్చిపోతారు. గోడలూ పైకప్పూ నేలకన్నా ఎక్కువ వేడి పోగొడతాయి. అలాంటప్పుడు నేల కింద ఇంత శ్రమ ఎందుకు అంటారా? గోడకు, కప్పుకు ఎప్పుడైనా వేసుకోవచ్చు. రెండు టన్నుల సామాను నిలిచాక నేల కిందికి మళ్ళీ ఎవరూ వెళ్ళలేరు.

బాయిలర్ కింద నేరుగా ఉండేది మండని కాంక్రీటే, కానీ దాని అడుగున ఉన్న నురుగు మండే సరుకు. ఘన ఇంధనం పొయ్యిలకు ఇంగ్లండ్ నిబంధనల్లో ఉన్న 125 మి.మీ. హార్త్ (పొయ్యి కింద ఉండే మండని దిమ్మె) మందాన్ని మన 150 దాటేసింది, కానీ హార్త్ కింద మండే సరుకు ఉంటే ఆ నిబంధనల్లో వేరే షరతులు ఉన్నాయి, అవి కూడా అడిగి తెలుసుకోండి. నేల పని మొదలుపెట్టే ముందే కట్టడాలు తనిఖీ చేసే విభాగం, అంటే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కు చెప్పండి, బాయిలర్ బిగించేవారు సర్టిఫికెట్ ఇచ్చేవారై ఉండాలి, గాలి వచ్చే కన్నం శాశ్వతంగా తెరిచి ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఇంటి ఇన్సూరెన్సు వాళ్ళకూ ఒక ఉత్తరం పడేయండి.

నింపే రోజున ట్యాంకు మూడు కాళ్ళ దగ్గరా గోడ మీద పెన్సిల్‌తో సన్నగా గీత పెట్టండి. గీతకు సూటిగా కాలి మీద కూడా ఇంకో గీత. ఒక్కసారిగా నింపకుండా మూడో వంతుకొకసారి ఆపి, రసమట్టం పెట్టి చూసుకుంటూ నింపండి. పైపులు అప్పటిదాకా గట్టిగా బిగించకుండా వదిలేయండి, దిగాల్సిందేదో ముందే దిగనివ్వాలి. మేం నింపుతున్నప్పుడు ఫోను ట్యాంకు కాలికి ఎదురుగా ఆనించి పెట్టమన్నారు మామగారు. అక్కడ రాత్రి పదకొండు. 1500 లీటర్లూ పట్టాక గీతల మధ్య తేడా కోసం భూతద్దంతో వెతికాను. లెక్క ప్రకారం అర మిల్లీమీటరు లోపే దిగాలి, నా కళ్ళకు అది కూడా కనిపించలేదు. "ఆరు నెలలయ్యాక మళ్ళీ చూసి చెప్పు" అని ఫోను పెట్టేశారు.